పడవలో పెట్టె

వేట నిషేధపు రోజులివి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరపు మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, ఇంజన్లు విప్పి చూసుకోవడం, చెక్కలకు రంగులు వేయించడం ఈ రెండు నెలల్లోనే జరగాలి. గిలకలదిండి రేవులో బోటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న ఇంటికి వచ్చాడు. కాసేపు కుశలప్రశ్నలయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు.

“మాస్టారూ, ఈసారి బోటులో టీవీ పెట్టిద్దామనుకుంటున్నానండీ. పది పన్నెండు రోజులు నీళ్లమీదే ఉంటారు కదా, కలాసీలు మరీ మరీ అడుగుతున్నారు. డిష్షు పెట్టించమంటారా, పెన్‌డ్రైవులో సినిమాలు వేసి ఇమ్మంటారా?”

ఛందస్సు చెప్పినవాణ్ణి డిష్షుల గురించి అడగడమేమిటని నవ్వొచ్చింది. అయినా శిష్యుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా పంపడం నలభై ఏళ్లుగా అలవాటు లేని పని. రెండు రోజుల గడువడిగి, కొంత అంతర్జాలంలోనూ కొంత పాత పుస్తకాల్లోనూ వెదికాను. దొరికిన కథ అతనికి మాత్రమే చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ టపా.

పడవమీదికి నిస్తంత్రి పెట్టె ఎక్కిన తొలిరోజుల్లో అది చేసిన పనుల్లో ఒకటి ఆటల కబుర్లు చెప్పడమంటే నమ్ముతారా? 1898 జూలైలో ఐర్లండు తీరాన కింగ్‌స్టౌన్ దగ్గర పడవ పందేలు జరిగాయి. మార్కోనీ ఒక చిన్న ఆవిరిపడవలో తన పరికరాలు పెట్టుకొని పందెపు పడవల వెంట తిరుగుతూ, ఎవరు ముందున్నారో ఎవరు వెనుకబడ్డారో ఒడ్డుకు చేరవేశాడు. డబ్లిన్ పత్రిక ఆ వార్తలను అచ్చువేసింది. మరుసటి ఏడు అమెరికాలోనూ ఇదే పనిచేసి, సెయింట్ పాల్ అనే ఓడలో ఇంగ్లండుకు తిరుగుప్రయాణం కట్టాడు. 1899 నవంబరు 15న తీరం ఇంకా 60 మైళ్లకు పైగా దూరంలో ఉండగానే ఒడ్డునుండి వార్తలు అందాయి. బోయర్ యుద్ధపు కబుర్లు అందులో ఉన్నాయి. వాటిని ఓడలోని అచ్చుయంత్రంమీదే ముద్రించి, ‘ట్రాన్సట్లాంటిక్ టైమ్స్’ అని పేరుపెట్టి, ప్రతి ఒక డాలరు చొప్పున నావికుల సహాయనిధి కోసం అమ్మారు. నడిసముద్రంలో తాజా వార్త చదవడం అదే మొదలు.

అదే 1899లో ఆ పెట్టె మరో పనికీ ఉపయోగపడింది. ఇంగ్లండు ఆగ్నేయ తీరాన గుడ్విన్ ఇసుకతిప్పలు ఓడలకు మృత్యుస్థానాలు. వాటి దగ్గర లంగరు వేసి ఉంచిన దీపపునౌకలో నిస్తంత్రి పరికరం అమర్చి ఉంది. మార్చి నెలలో దట్టమైన మంచులో ఎల్బె అనే ఓడ ఆ తిప్పలెక్కింది. దీపపునౌకనుండి కబురు ఒడ్డుకు వెళ్లింది, రక్షకనౌక బయలుదేరింది. ఏప్రిల్‌లో వేరొక ఓడ వచ్చి ఆ దీపపునౌకనే గుద్దింది. అప్పుడూ సహాయం కోరింది ఆ పెట్టెతోనే.

అంటే పడవలో పెట్టెకు వినోదమూ రక్షణా కవలపిల్లలు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగాయి. చిక్కల్లా రెండూ ఒకేసారి మాట్లాడబోయినప్పుడే.

ఆ చిక్కు ఎంతటిదో 1912 ఏప్రిల్ 14 రాత్రి తెలిసింది. టైటానిక్ కథ అందరికీ తెలిసిందే కనుక పెట్టెకు సంబంధించినంత వరకే చెబుతాను. ఓడలో ఇద్దరు నిస్తంత్రి ఉద్యోగులు ఫిలిప్స్, బ్రైడ్. ఇద్దరూ మార్కోనీ సంస్థ మనుషులు. ప్రయాణికులు డబ్బు చెల్లించి బంధువులకు పంపుకొనే కుశలవార్తలే వారి దినచర్యలో ముఖ్యభాగం. అంతకుముందు యంత్రం పాడై కొన్ని గంటలు ఆగిపోవడంతో ఆ తంతివార్తలు పేరుకుపోయాయి. ఆ రాత్రి ఫిలిప్స్ వాటిని కేప్ రేస్ కేంద్రానికి పంపుతుండగా, ఆ చేరువలోనే మంచుగడ్డల మధ్య ఆగిపోయిన కాలిఫోర్నియన్ ఓడనుండి ఇవాన్స్ అనే ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఆ సంగతి చెప్పబోయాడు. పనిలో ఉన్నాను, అడ్డురాకు అని ఫిలిప్స్ కసిరాడు. ఇవాన్స్ కొంతసేపు విని, యంత్రం కట్టేసి నిద్రకుపక్రమించాడు. ఆ ఓడలో నిస్తంత్రికి అతనొక్కడే. 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను రాసుకుంది.

ఫిలిప్స్‌ను నిందించడం నాకిష్టం లేదు. ఓడ మునిగేవరకూ సహాయం కోసం మీట నొక్కుతూనే ఉండి, ప్రాణం విడిచాడతడు. 58 మైళ్ల దూరంలో కార్పేతియా ఓడలో కాటమ్ అనే ఉద్యోగి పడుకోబోతూ కూడా చెవిపెట్టెలు తీయలేదు. అందువల్ల ఆ పిలుపు విన్నాడు. సుమారు ఏడువందల మంది బతకడానికి ఆ తీయని చెవిపెట్టెలే కారణం. పదిహేను వందల మంది పోయారు. 1914 జనవరిలో లండనులో దేశాలు కూడి చేసుకొన్న ఒడంబడికలో పెద్ద ఓడలపై రాత్రింబవళ్లు ఒకరు చెవియొగ్గి ఉండాలన్న నియమం చేరింది. ప్రపంచయుద్ధం రావడంతో ఆ ఒడంబడిక అనుకున్నట్లు అమలు కాలేదు గాని, ఆ నియమం మాత్రం నిలిచింది.

ఇక్కడ తెలుగు పంతులుకు భాగవతం గుర్తురాక మానదు. దేవకీవసుదేవుల పెళ్లి ఊరేగింపు, మంగళవాద్యాల హోరు, పగ్గాలు పట్టి రథం తోలుతున్నవాడు కంసుడు. ఆ సంబరం మధ్యలోనే అశరీరవాణి హెచ్చరించింది. కంసుడు ఎంత క్రూరుడైనా, ఆ మోతలో కూడా ఆ మాట విన్నాడు. మన రేడియోకు ఆకాశవాణి అని పేరుపెట్టినవారికి ఈ ఘట్టం తలపులో ఉందో లేదో గాని, పేరు మాత్రం అతికినట్లు సరిపోయింది.

కంసుడు విన్నాడు, నేను వినలేదు. 1977 నవంబరులో నేను ప్రాచ్యకళాశాల విద్యార్థిని. కృష్ణా జిల్లాలో సముద్రానికి దూరంగా మా ఊరు. ఇంట్లో బ్యాటరీలతో నడిచే రేడియో ఉండేది. తుపాను హెచ్చరిక వచ్చింది. విన్నాను కూడా. ఆ వెంటనే పాటలు మొదలయ్యాయి, శ్రుతి పెంచి పాటలలో పడ్డాను. దివివైపు బంధువుల ఊరికి ఆ ఉదయమే బయలుదేరుతున్న పొరుగింటాయనకు ఆ మాట చెప్పాలన్న ఆలోచనే రాలేదు. 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేల మందికి పైగా పోయారు. మా ఊళ్లో పైకప్పులు ఎగిరిపోయాయి, అంతే. పొరుగింటాయన మరి తిరిగి రాలేదు. చెబితే ఆగేవాడో లేదో నాకు తెలియదు. చెప్పలేదన్నది మాత్రం తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఇక నా శిష్యుడి ప్రశ్న. కదిలే పడవమీద డిష్షు నిలవడం కష్టం. రెండడుగుల డిష్షు గురి రెండు మూడు డిగ్రీలు తప్పితే బొమ్మ పోతుంది, మన బోటు ఒక్క కెరటానికే అంతకు రెట్టింపు ఒరుగుతుంది. పెద్ద ఓడల్లో డిష్షును మోటార్లు క్షణక్షణం సరిచేస్తూ ఉపగ్రహంవైపే నిలుపుతాయి. వాటి ఖరీదు మనవాళ్లకు తూగదు. కనుక పెన్‌డ్రైవే మేలు. 24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ సుమారు 30 వాట్లు తింటుంది. 12 వోల్టుల బ్యాటరీనుండి లాగేది గంటకు రెండున్నర ఆంపియర్-అవర్లు, నాలుగు గంటల సినిమాలకు పది. అయితే ఆ బ్యాటరీ వేరుగా ఉండాలి. వీహెచ్‌ఎఫ్ సెట్టుకున్న బ్యాటరీని టీవీ తాకకూడదు.

వినవలసిన పెట్టె సంగతి అంతకన్నా ముఖ్యం. ఒడ్డునుండి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోను మూగపోతుంది. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను వచ్చేసరికి కేరళ, కన్యాకుమారి మత్స్యకారులు ఎందరో అప్పటికే లోతునీళ్లలో ఉన్నారు. హెచ్చరిక వారిదాకా చేరలేదు. ఆ దుఃఖం తర్వాతే, 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పరికరం వచ్చింది. దాని వెనుక ఉన్న సంస్థల్లో ఒకటి మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్. హెచ్చరిక ఉపగ్రహంనుండి ఆ పరికరానికి, దానినుండి బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేరుతుంది. దాంతో వినగలమే గాని బదులు చెప్పలేము. 2024 ఆగస్టులో లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలైంది. వాటితో అటునుండి ఇటూ, ఇటునుండి అటూ కబురు నడుస్తుంది.

శిష్యుడు మళ్లీ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. చివరికి ఒక్క షరతు పెట్టాను. “టీవీ పెట్టించు నాయనా, వద్దనను. పన్నెండు రోజులు నీళ్లు తప్ప మరేమీ చూడనివాళ్లకు ఆ కాస్త సినిమా కూడా లేకపోతే ఎలా? కానీ టీవీ నడుస్తున్నంతసేపూ ఒకడు సరంగు గదిలో వీహెచ్‌ఎఫ్ దగ్గర కూర్చోవాలి. చానెల్ 16 కట్టకూడదు. ఆ పని వంతులవారీగా పెట్టు, వాడికి మర్నాడు అదే సినిమా మళ్లీ వెయ్యి.”

“రెండోసారి వేస్తే మిగతావాళ్లు గోల చేస్తారండీ” అన్నాడు నవ్వుతూ.

“చెయ్యనీ. గోల చెయ్యడానికి అందరూ ఉంటారు కదా” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంతుల పట్టిక రాసిపెట్టమని నాచేతే రాయించుకున్నాడు. సరంగుతో కలిపి ఎనిమిది పేర్లు. మొదటి పేరు తనదే వేయించుకున్నాడు.