రంగు పోయినంత మాత్రాన విషం పోదు

సూరత్ చీరలు తెలియని తెలుగు పల్లె ఉండదు. ఆ నగరంలోని ఉధ్నా ప్రాంతం మరమగ్గాలకు, అద్దకం మిల్లులకు నిలయం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలెన్నో సూరత్ మగ్గాలనే నమ్ముకుని బతుకుతున్నాయి. మగ్గం దిగిన బట్ట అద్దకానికి వెళుతుంది. బట్టకు పట్టకుండా మిగిలిన రంగు నీటిలో కలుస్తుంది. అటువంటి నీటిని శుద్ధిచేసే సూక్ష్మజీవుల కథ మరో బట్టల నగరంలో మొదలైంది.

అది ఇంగ్లండులోని మాంచెస్టర్. అక్కడ ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్ అనే రసాయనవేత్తలు మురుగునీటిలోకి గాలిని పంపి చూశారు. అది శుద్ధి కావడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. అడుగున పేరుకున్న బురదను వారు పారవేయలేదు. దానిమీదే కొత్త మురుగునీరు పోశారు. ఇలా పదేపదే చేయగా అదే పని 24 గంటల్లో ముగిసింది! ఆ బురదలో పెరిగిన బాక్టీరియాయే ఇందుకు కారణం. 1914లో వారు ప్రకటించిన ఈ విధానమే ‘ఉత్తేజిత బురద’ పద్ధతి. వారికి మార్గదర్శి అయిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడిగా వచ్చారు.

అయితే కృత్రిమ రంగులు ఈ పద్ధతికి సులభంగా లొంగలేదు. వాటిలో అధికభాగం అజో రంగులు. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉండే జంటబంధం వీటి ప్రత్యేకత. బాక్టీరియా తమ ఆహారాన్ని విచ్ఛిన్నం చేసేటప్పుడు ఎలక్ట్రాన్లు వెలువడతాయి. గాలి ఉన్నచోట వాటిని ఆక్సిజన్ అందుకుంటుంది. గాలి లేనిచోట అవి అజో బంధాన్ని చేరి దాన్ని తెంచుతాయి. అప్పుడు రంగు మాయమవుతుంది.

మరి నీరు శుద్ధమైనట్లేనా? కాదు. తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమీన్లు. వీటికి రంగు కనిపించకపోయినా కొన్ని ప్రమాదకరమైనవి. 1895లోనే జర్మన్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రెన్ రంగుల కర్మాగార కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్‌ను గుర్తించారు. బెంజిడిన్ వంటి అమీన్లు ఇందుకు కారణమని తరువాతి పరిశోధనల్లో తేలింది. అటువంటి అమీన్లను విడుదల చేసే అజో రంగులను వస్త్రాల్లో వాడరాదని 1994లో జర్మనీ నిషేధించింది.

అందుకే గాలి లేని తొట్టి తరువాత గాలి పంపే రెండో తొట్టి అవసరం. అక్కడ సూడోమోనాస్ వంటి బాక్టీరియా అనేక అమీన్ల వలయాలను తెరిచి, చివరకు కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చగలవు. మొదటి తొట్టి దగ్గరే ఆగిపోతే కంటికి నీరు తేటగా కనిపిస్తుంది, విషం మాత్రం మిగిలిపోతుంది.

ఉధ్నా అయినా, మన సిరిసిల్ల అయినా, అద్దకం నీటి శుద్ధిని కంటితో చూసి తేల్చలేం. అందులో అమీన్లు ఉన్నాయో లేదో పరీక్షించి చూడవలసిందే.