గతం మరిచిన గూఢచారి: ఒక ప్రతిపద వ్యాఖ్య

'గతం మరిచిన ఒక హంతకుడు, చేతులు మరవని విద్య తోడుగా, తనను తయారుచేసినవాళ్ల నుంచి తప్పించుకుంటూ, తానెవరో వెతుక్కుంటాడు.'

రాబర్ట్ లడ్లమ్ 1980లో రాసిన 'ద బోర్న్ ఐడెంటిటీ' నవల, 2002లో డగ్ లైమన్ దాని ఆధారంగా తీసిన సినిమా, ఆ తర్వాత పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన 'సుప్రిమసీ' (2004), 'అల్టిమేటమ్' (2007), ఇన్నిటి కథా ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకున్నట్టు దీన్నీ మాట మాటగా విప్పుకుంటే, ఇలాంటి కథలు మనల్ని ఎందుకు కుర్చీలోంచి లేవనివ్వవో అర్థమవుతుంది. ఫైట్లు, ఛేజింగులు బాగుంటాయి, సందేహం లేదు. అయితే అసలు పట్టు ఇంకోచోట ఉందని నా నమ్మకం. మనం ఏ తప్పు చేసినా వెంటనే దానికో సంజాయిషీ సిద్ధం చేసుకుంటాం. ఈ కథల నాయకుడు జేసన్ బోర్న్‌కు జ్ఞాపకాలతోపాటు ఆ సంజాయిషీలూ పోయాయి. తన పనిని తానే పరాయివాడిలా చూడక తప్పని మనిషి అతను.

గతం మరిచిన

మధ్యధరా సముద్రం, తుఫాను రాత్రి. చేపల పడవవాళ్లు నీళ్లమీద తేలుతున్న ఒక మనిషిని పైకి లాగుతారు. వీపులో తూటాలు, తుంటి దగ్గర చర్మం కింద చిన్న గొట్టం, అందులో జ్యూరిక్ బ్యాంకు ఖాతా నంబరు. పేరు మాత్రం లేదు.

తలకు దెబ్బ తగిలినవాళ్లు సాధారణంగా ఆ ప్రమాదానికి ముందువెనకల కొంత కాలాన్ని మరిచిపోతారు. సొంత పేరునే మరిచిపోవడం చాలా అరుదు. అలా జరిగిన ప్రసిద్ధమైన ఉదంతం ఒకటుంది. 1887 జనవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఆన్సెల్ బోర్న్ అనే మతబోధకుడు కనిపించకుండా పోయాడు. పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో ఎ.జె. బ్రౌన్ అనే పేరుతో చిన్న దుకాణం పెట్టుకుని బతికాడు. మార్చి నెల మధ్యలో ఒక తెల్లవారుజామున లేచి, ఇదేం ఊరు, నేనిక్కడికెలా వచ్చానని బెంబేలెత్తిపోయాడు. దుకాణం సంగతి ఏమీ గుర్తులేదు. విలియం జేమ్స్ అతన్ని పరీక్షించి, 1890లో వచ్చిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఈ ఉదంతాన్ని నమోదు చేశాడు. లడ్లమ్ కథానాయకుడి ఇంటిపేరూ బోర్నే.

తలకు దెబ్బ తగిలి గతం మరిచిపోవడం మన సినిమాలకూ పాత అలవాటే. అక్కడ జ్ఞాపకం తిరిగి రావడమంటే అమ్మ, అన్నదమ్ములు, పెళ్లాం తిరిగి దొరకడం. సినిమా శుభంగా ముగుస్తుంది. ఇక్కడ జ్ఞాపకం తిరిగొచ్చేకొద్దీ భయం పెరుగుతుంది.

హంతకుడు

జ్యూరిక్ బ్యాంకు గదిలో పెట్టె తెరుస్తాడు. పై అరలో అమెరికన్ పాస్‌పోర్టు, అందులో తన ఫొటో, జేసన్ బోర్న్ అనే పేరు. ఆ పేరును పైకి అనుకుంటాడు. ఒక్క క్షణం ప్రాణం కుదుటపడుతుంది. తర్వాత ఆ అరను పైకెత్తుతాడు. కింద కట్టలకొద్దీ రకరకాల దేశాల డబ్బు, ఒక తుపాకీ, ఇంకా బోలెడు పాస్‌పోర్టులు. అన్నిటిలోనూ తన మొహమే, పేర్లే వేరు. దొరికిందనుకున్న పేరు కూడా వేషమేనేమో! డబ్బు, పాస్‌పోర్టులు సంచిలో వేసుకుని తుపాకీని పెట్టెలోనే వదిలేస్తాడు. హంతకుడన్న మాట ఇంకా ఎవరూ అనలేదు. కానీ అతని చెయ్యి ఆ తుపాకీని వద్దంది.

తను సముద్రంలో ఎందుకు పడ్డాడో చివర్లో తెలుస్తుంది. చంపవలసిన నాయకుడి దగ్గర పసిపిల్ల కనిపించింది, బోర్న్ చెయ్యి ఆగిపోయింది. కాబట్టి జ్ఞాపకం పోకముందే అతనిలో ఏదో ఎదురుతిరిగింది. ఈ ఒక్క వివరం లేకపోతే అతను మారిన మనిషి కాదు, మరిచిన మనిషి మాత్రమే అయ్యేవాడు.

చేతులు మరవని విద్య

ఈ కథలకు గుండెకాయ ఈ మాటే.

మంచు కురిసే రాత్రి పార్కు బెంచీ మీద పడుకున్న బోర్న్‌ను ఇద్దరు పోలీసులు లేపుతారు. జర్మన్‌లో అడుగుతారు, అతనూ జర్మన్‌లోనే జవాబిస్తాడు. ఆ భాష తనకు వచ్చని అతనికే తెలియదు. ఒక పోలీసు లాఠీతో పొడుస్తాడు. రెప్పపాటులో ఇద్దరూ నేలమీద ఉంటారు, తుపాకీ బోర్న్ చేతిలో ఉంటుంది. ఆ చేతిని చూసుకుని అతనే బెదిరిపోయి, తుపాకీ పారేసి పరుగెత్తుతాడు. వేరే యాక్షన్ సినిమాలో అయితే ఇక్కడ ఈలలు పడాలి. ఇక్కడ మనకూ ఒళ్లు జలదరిస్తుంది.

దీని వెనక శాస్త్రం ఉంది. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ మెదడుకు శస్త్రచికిత్స చేశారు. ఆ తర్వాత అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య గీయించింది. రోజురోజుకీ చెయ్యి కుదిరింది. కానీ అతనికి మాత్రం ప్రతిసారీ అది కొత్త పనే. జరిగిన సంగతుల జ్ఞాపకం వేరు, చేతికి అబ్బిన పని వేరు అని శాస్త్రం గట్టిగా పట్టుకున్నది ఆ ప్రయోగంతోనే. బోర్న్ మరుపు మొలైసన్‌ది లాంటిది కాకపోయినా, కథ నిలబడింది ఈ తేడా మీదే.

దారిలో ఒక హోటల్లో, తనతో ప్రయాణిస్తున్న మేరీ అనే అమ్మాయి ఎదురుగా కూర్చుని బోర్న్ వాపోయేది కూడా ఇందుకే. బయట ఆగిన ఆరు కార్ల నంబర్లూ చెప్పగలడు, వడ్డించే అమ్మాయిది ఎడమచేతి వాటమని కనిపెట్టగలడు, ఎంత దూరం పరుగెత్తితే తన చేతులు వణుకుతాయో కూడా తెలుసు. ఇవన్నీ తెలిసి, తానెవరో తెలియకపోవడమేమిటని అడుగుతాడు. ఇరవై ఏళ్లు ఒకే ఉద్యోగం చేసినవాడికి ఆ ప్రశ్న ఎక్కడో తగులుతుంది.

ఫైట్లను కూడా ఈ దృష్టితోనే చూడాలి. పారిస్ అపార్ట్‌మెంట్లో కత్తితో వచ్చినవాడిని బాల్‌పాయింట్ పెన్నుతో ఎదుర్కొంటాడు, మ్యూనిక్‌లో చుట్టిన పత్రికతో. ఫిలిప్పీన్స్ యుద్ధవిద్య 'కాలి' ఆధారంగా కూర్చిన పోరాటాలవి. చేతికందిన వస్తువే ఆయుధమవుతుంది, ఆలోచనకు వ్యవధి ఉండదు.

తనను తయారుచేసినవాళ్లు

సముద్రపు ఒడ్డున కూర్చున్న హనుమంతుడికి తన బలం గుర్తులేదు. జాంబవంతుడు గుర్తుచేశాడు, ప్రేమతో, పనికొచ్చే వేళకు. బోర్న్‌కు జాంబవంతుడు లేడు. అతనెవరో తెలిసినవాళ్లంతా అతను చావాలని కోరుకునేవాళ్లే.

తయారుచేసిన వ్యవస్థ మీద ఈ అపనమ్మకానికి చరిత్ర ఉంది. మందులతో, హింసతో మనిషి మనసును వశం చేసుకోవచ్చా అని సీఐఏ 1953లో ఎంకే అల్ట్రా పేరుతో ప్రయోగాలు మొదలుపెట్టింది. 1973లో ఆ ఫైళ్లను తగలబెట్టమని దాని అధిపతి రిచర్డ్ హెల్మ్స్ ఆదేశించాడు. అయినా 1975లో సెనేట్ విచారణలో సంగతి బయటపడింది. ఆ తర్వాత అయిదేళ్లకు వచ్చింది లడ్లమ్ నవల. నవలలో బోర్న్ శత్రువు కార్లోస్ అనే ఉగ్రవాది. సినిమాలో కార్లోస్‌ను తీసేసి, ట్రెడ్‌స్టోన్ అనే సీఐఏ రహస్య విభాగాన్నే శత్రువుగా నిలబెట్టారు. దర్శకుడు లైమన్ తండ్రి ఆర్థర్ లైమన్ అమెరికా ప్రభుత్వ రహస్య ఆయుధాల కుంభకోణం 'ఇరాన్-కాంట్రా' మీద 1987లో జరిగిన విచారణలో సెనేట్ తరఫు ప్రధాన న్యాయవాది. సినిమాలో కుట్ర చేసినవాళ్లు రాక్షసుల్లా కాకుండా ఫైళ్లు సర్దుకునే గుమస్తాల్లా కనిపించడంలో ఆ ఇంటి అనుభవం ఉందనుకుంటాను.

తప్పించుకుంటూ

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్రీన్‌గ్రాస్ కెమెరాను చేత్తో పట్టించి జనంలోకి తోశాడు. కళ్లు తిరుగుతున్నాయని కొందరన్నారు, 'అల్టిమేటమ్'కు మాత్రం ఎడిటింగుకు, శబ్దానికి కలిపి మూడు ఆస్కార్లు వచ్చాయి. 'సుప్రిమసీ'లో బోర్న్, మేరీ గోవాలో తలదాచుకుంటారు. అక్కడే మేరీ చనిపోతుంది. అతని పీడకలలను పక్కన కూర్చుని పుస్తకంలో రాయించిన ఒకే ఒక్క మనిషి ఆమె.

వెతుక్కుంటాడు

మేరీ పోయాక అందరూ పగ కోసం చూస్తారు. బోర్న్ మాస్కో వెళ్లి, ఒక అమ్మాయి ఇంట్లో కూర్చుని, మీ అమ్మ మీ నాన్నను చంపలేదు, ఇద్దరినీ చంపింది నేనని చెబుతాడు. యాక్షన్ సినిమా పతాక సన్నివేశం క్షమాపణ కావడం అంతకుముందు నేను చూడలేదు. 'అల్టిమేటమ్' ఇంకో మెట్టెక్కింది. బోర్న్ అసలు డేవిడ్ వెబ్ అనే సైనికుడని, తనంతట తానే ట్రెడ్‌స్టోన్‌లో చేరాడని, తలకు ముసుగు వేసిన మనిషిని కాల్చమంటే కాల్చాడని తేలుతుంది. తనను పాడుచేసినవాడిని వెతుకుతూ వెళితే అక్కడ తానే ఎదురయ్యాడు.

2016లో వచ్చిన 'జేసన్ బోర్న్' ఇక్కడే తడబడింది. తండ్రి మరణం వెనక కుట్ర ఉందని, కొడుకు చేరడానికి ఆ అబద్ధమే కారణమని కొత్త మెలిక పెట్టారు. దాంతో నేనే ఒప్పుకున్నానన్న మాట నన్ను మోసం చేశారన్న మాటగా మారిపోయింది. మూడు సినిమాలు కష్టపడి తీసేసిన సంజాయిషీని ఈ సినిమా తిరిగి అతని చేతికిచ్చింది. తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకునే కొడుకు కథలు మనకు కొదవ లేదు, వాటికి బోర్న్ అక్కర్లేదు.