విద్యాఋణము

మా పాఠశాలలో చదువు ముగించిన బాలుడొకనికి ఈ యేడు కళాశాలలో ప్రవేశము దొరకినది. ఆ కళాశాల పూర్వవిద్యార్థులు కొందరు కూడి పేదలకై యేర్పరచిన విద్యార్థివేతనము కూడ వానికి మంజూరైనది. కాని వాని తండ్రి దానిని పుచ్చుకొనుటకు సమ్మతింపలేదు. "ముక్కూ మొగమూ తెలియనివారు మాకెందుకు ఇస్తారు, పంతులుగారూ? చెయ్యి చాచినవాడు బ్రతుకంతా తల వంచుకొని ఉండవలసిందే గదా" అని మమ్మడిగెను. ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత వంగదేశపు విద్యాచరిత్రమును తిరుగవేయుచుండగా ఆ ప్రశ్నకు ఉత్తరము కొంత కనబడినట్లు తోచినది. దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

కలకత్తా విశ్వవిద్యాలయము 1857లో పుట్టినది. మొదటి యర్ధశతాబ్దమున అది ప్రధానముగా పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థయే. దాని విజ్ఞానకళాశాలకు పునాదిరాయి పడినది 1914 మార్చి 27వ తేదీన. అందులకు ధనమిచ్చినవారిలో ముఖ్యులిరువురు, ఇరువురును న్యాయవాదులు. తారకనాథ పాలిత్ 1912లో భూమియు ధనమును కలిపి సుమారు 15 లక్షల రూపాయల సొత్తును సమర్పించెను. రాసవిహారి ఘోష్ 1913లో 10 లక్షలిచ్చెను. ఆ దినములలో లక్ష రూపాయలనగా జమీందారులు సహితము తడవి చూచుకొను మొత్తము. రాజులు గాని, వంశపారంపర్యపు ధనికులు గాని కాని వీరు జీవితమంతయు కష్టించి యార్జించిన దానిని పరుల బిడ్డలకేల ధారపోసిరి?

ఘోష్ జీవితమును పరిశీలింపుడు. ఆయన ఆ విశ్వవిద్యాలయముననే చదివి పట్టములందినవాడు. అంతేకాదు. 1868లో మరణించిన ప్రసన్నకుమార ఠాకూరు తన మరణశాసనము ద్వారా న్యాయశాస్త్రోపన్యాసములకై ఒక నిధి నేర్పరచి పోయెను. 1875లో ఆ పీఠమునుండి తాకట్టు చట్టమును గూర్చి యుపన్యసించినవాడు ముప్పదియేండ్ల రాసవిహారి. ఆ యుపన్యాసములే గ్రంథమై న్యాయవాదులకు ప్రమాణమయ్యెను. ఒక మృతుని ధనము ఆయనను నిలువబెట్టినది. ఆయన తిరిగి యిచ్చుటకు ఠాకూరు లేడు. తన తరువాతివారికే యీయవలసి వచ్చినది.

ఈ దానములను రాబట్టిన ఆశుతోష ముఖర్జీ కథయు నట్టిదే. బొంబాయి దూదివర్తకుడు ప్రేమచంద్ రాయ్‌చంద్ 1866లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు 2 లక్షల రూపాయలిచ్చెను. ఆ కాలముననే దూది వ్యాపారము కూలి ఆయన సంపద చాలవరకు కరగిపోయినది. చదువుకిచ్చినది మాత్రము నిలిచినది. ఆ నిధినుండి 1886లో వేతనమందినవాడు ఆశుతోషుడు. 1906లో వైస్‌చాన్సలరై, తాను పుచ్చుకొన్న చేతితోనే విశ్వవిద్యాలయము కొరకు ఇతరులను యాచించెను. పుచ్చుకొనుట తలవంపైనచో ఇంతటి మనుష్యుడు తలయెత్తి నడచుట యెట్లు?

పాలిత్ ఇచ్చిన దానికి వేరొక కారణము కలదు. తన నిధితో నేర్పడు ఆచార్యపదవులు భారతీయులకే చెందవలెనని ఆయన నిబంధన చేసెను. అది పరప్రభుత్వపు కాలము. విద్యాశాఖలోని పై తరగతి యుద్యోగములు చాలవరకు ఆంగ్లేయులవి; సమాన విద్య గల మనవారికి తక్కువ తరగతి, తక్కువ జీతము. తన తరము పడిన చిన్నతనము ముందుతరము పడరాదను కోరిక యిది. కొందరు తాము పొందినదానిని తలచి యిత్తురు. కొందరు తమకు కొరతయైనదానిని తలచి యిత్తురు. పేరు కొరకు రాతిపై చెక్కించుకొనుటకై యిచ్చువారు లేకపోలేదు. కాని పేరు మాత్రమే కావలసినవానికి దేవాలయ గోపురము చాలును. పరీక్ష తప్పవచ్చునట్టి పిల్లవానిని నమ్ముకొననక్కరలేదు.

పాలిత్ నిధివలన రసాయనశాస్త్రాచార్యుడైన ప్రఫుల్లచంద్ర రాయ్ 1882లో గిల్‌క్రిస్టు అను స్కాట్లండు పండితుని నిధినుండి వేతనమంది ఎడింబరో వెళ్లి చదివినవాడు. 1921లో అరువదియేండ్లు నిండగా, అటుపై తనకు రావలసిన జీతమంతయు రసాయనశాఖకే విడిచి, విజ్ఞానకళాశాలలోని యొక గదిలో కాపురముండెను. గ్రామములోని చిన్న దుకాణదారుని కొడుకైన మేఘనాథ సాహా 1919లో ప్రేమచంద్ నిధి వేతనమును పొంది, దాని సాయమున ఐరోపా వెళ్లెను. బొంబాయిలోని జైనవర్తకుని సొమ్ము తూర్పు వంగదేశపు పల్లెటూరివానిని చేరినది. వాని కులమేదని ఆ నిధి యడుగలేదు. ఫలానా కులమువారికే యని నియమము పెట్టి వసతిగృహములు కట్టించు మన దాతలు ఈ యొక్క సంగతిని ఆలోచింతురుగాక!

ఈ గొలుసులో మన తెలుగు కొస యొకటి కలదు. 1876లో కలకత్తాలో స్థాపితమైన భారత విజ్ఞానాభివృద్ధి సంఘమున ఒక ప్రయోగశాలకు విజయనగర మహారాజు ధనమిచ్చెను. దానికి విజయనగర ప్రయోగశాల యనియే పేరు. పాలిత్ ఆచార్యపదవిలో నున్న చంద్రశేఖర వేంకట రామన్ ఆ సంఘముననే పరిశోధనలు సల్పి, 1928 ఫిబ్రవరి 28న తన పేర ప్రసిద్ధమైన కాంతిధర్మమును కనుగొనెను. ఆ యేడే సూరి భగవంతము అను తెలుగు యువకుడు ఆయన యొద్ద చేరి, 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి భౌతికశాస్త్రము బోధించెను. విజయనగరమునుండి కలకత్తాకు పోయిన విద్యాభిమానము నలువది యేండ్లకు చదువు రూపమున విశాఖపట్టణము చేరినది. తెలుగువారికి తిరిగి వచ్చునని లెక్కవేసి ఆ మహారాజు ఇచ్చియుండునా?

మనుష్యుడు ఋణములతో పుట్టునని శతపథ బ్రాహ్మణము చెప్పుచున్నది. అందు ఋషిఋణ మొకటి. అది ఋషి చేతికి తిరిగి యిచ్చునది కాదు, విద్యాభ్యాసముచే తీరునది. చదువు కిచ్చిన ధనమును అట్టిదే. అది భిక్షయైనచో పుచ్చుకొన్నవాడు ఇచ్చినవానికి దాసుడగును. ఋణమైనచో వాడు బాధ్యుడగును, అదియు ఇచ్చినవానికి గాక తన వెనుక వచ్చువానికి. ఈ భేదమును గ్రహించినవాడు తల వంచుకొనడు, మరచియు పోడు.

మరచినవారిలో మేమును ఉన్నాము. మేము కళాశాలలో చదువునాడు మా జీతములో సగము మాఫీ చేసిరి. ఆ సగమును ఏ నిధి భరించినదో, ఆ నిధి నెవరు పెట్టిరో నేటివరకు విచారించి యెరుగము. ఆ బాలుని తండ్రికి ఆనాడు సమాధానము చెప్పలేకపోవుటకు ఇదియే కారణమేమో. వేతనమునకు సమ్మతి తెలుపుటకు ఇంకను పది దినముల గడువున్నది. రేపు ఆయన యింటికి పోయి, ముందు మా సంగతి చెప్పి, పిమ్మట ఈ వంగదేశపు కథ చెప్పదలచినాము.