బ్యాంకులో లేని బలం

పల్నాడుకు పతనగాథలు కొత్త కాదు. కోడిపందెంలో ఓడి, ఒప్పందం ప్రకారం ఏడేళ్లు మాచర్ల విడిచిపోయిన వాళ్ల కథ కారెంపూడి వీరుల గుడి దగ్గర ఏటా కార్తీకంలో వింటూనే ఉంటాం. వాళ్లు పందెంలో పెట్టిన రాజ్యం నిజంగా ఉన్నదే. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ మాత్రం అసలు లేని సొమ్మునే పందెం కాసింది.

1987లో బి.రామలింగరాజు స్థాపించిన ఆ సంస్థ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి దాకా వెళ్లింది. ఉద్యోగులు యాభై వేలు దాటారు. నరసరావుపేట నుంచి బీటెక్ చదివి వెళ్లిన కుర్రాడికి సత్యంలో కొలువంటే ఊళ్లో ఒక గౌరవం. ఆపదలో పల్లెకు పరుగెత్తుకొచ్చే 108 అంబులెన్సుకు 2005లో శ్రీకారం చుట్టిందీ రాజే.

కంపెనీకి విలువ కట్టేవాళ్లు అది చూపిన లాభశాతాన్ని పట్టుకుని రాబోయే ఏళ్ల రాబడి అంచనా వేస్తారు. దాన్ని డిస్కౌంట్ రేటుతో నేటి విలువకు తెచ్చి, చేతిలోని నగదు కలిపి, అప్పు తీసేసి షేరు ధర తేలుస్తారు. సూత్రం సరైనదే. కానీ 2008 సెప్టెంబరు త్రైమాసికానికి సత్యం చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే ఆదాయంలో 24 శాతం. నిజంగా వచ్చింది 61 కోట్లు, 3 శాతమే. లెక్కల పట్టిక మొదటి గడిలో చేరిన ఆ అబద్ధాన్ని మోడల్ నమ్మకంగా పదేళ్ల ముందుకు మోసుకుపోయింది.

ఏటా కొంచెం కొంచెంగా పెరిగిన ఆ అంతరాన్ని పూడ్చడానికి రాజుకు మిగిలిన చివరి దారి మేటాస్. 2008 డిసెంబరు 16న కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. లేని నగదు పోయి, ఉన్న ఆస్తులు లెక్కల్లోకి వస్తాయన్నది ఎత్తు. మదుపరులు భగ్గుమన్నారు. గంటల్లోనే వెనక్కి తగ్గక తప్పలేదు.

2009 జనవరి 7న రాజు ఉత్తరం బయటికొచ్చింది. పులినెక్కాను, దానికి ఆహారం కాకుండా దిగడం తెలియలేదని రాసుకున్నారు. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా ఆవిరైంది. పిల్ల పెళ్లికని దాచినవాళ్లదీ, పింఛను డబ్బు పెట్టినవాళ్లదీ అందులో కలిసిపోయింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయలకు సంస్థను చేజిక్కించుకుంది. 2015లో ప్రత్యేక న్యాయస్థానం రాజుతో సహా పదిమందికి ఏడేళ్ల జైలు విధించింది. అప్పీలుపై నెల తిరిగేసరికి బెయిలు వచ్చింది.

ఆడిటర్లు నగదు నిల్వలను సరిగా నిర్ధారించుకోలేదని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. వృద్ధిరేటు అరశాతం అటా ఇటా అని వాదించుకున్న వాళ్లలో చాలామందికి, అంత డిపాజిట్ ఉంటే వడ్డీ ఏ ఖాతాలో పడుతోందని అడగాలనిపించలేదు. బ్యాంకు దగ్గర నుంచి నేరుగా ఒక్క ఉత్తరం తెప్పించుకుని ఉంటే, రాజు ఉత్తరం కోసం అన్నేళ్లు ఆగాల్సిన పనిలేదు.