అచ్చులు చేసే విద్య: బాలానగరు పాఠం

మన ఇళ్ళల్లో ప్లాస్టిక్ బిందె ఉంటుంది. అది ఏ అచ్చులో తయారైందో, ఆ అచ్చు ఎవరు చేశారో మనం ఎన్నడూ అడగం. కార్ఖానాల్లో దాన్ని మౌల్డ్ అంటారు. రేకు నొక్కే అచ్చును డై అంటారు. వీటిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా సరుకంతా పాడే.

స్వాతంత్ర్యం తరువాత హైదరాబాదు చుట్టూ పెద్ద కార్ఖానాలు లేచాయి. రామచంద్రాపురంలో చెకొస్లొవేకియా సాయంతో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగరులో సోవియట్ సాయంతో ఐ.డి.పి.ఎల్. వచ్చాయి. యంత్రాలు ఓడల్లో వస్తాయి గాని, పనితనం ఓడలో రాదు గదా!

ఆ పనితనం ఇక్కడే నేర్పాలని 1968లో భారత ప్రభుత్వం బాలానగరులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ స్థాపించింది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయమిచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అమలు బాధ్యత తీసుకుంది. ఆనాటి సమితి పథకాల పద్ధతి ఒకటుంది: విదేశీ నిపుణుడి పక్కన మనవాడొకడు నిలబడి పని నేర్చుకోవాలి. నిపుణుడు వెళ్ళిపోయాక వీడే ఉస్తాద్. డబ్బుకన్నా, యంత్రాలకన్నా విలువైన షరతు ఇదేనని నా అభిప్రాయం. 1964లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద తరువాతి కాలంలో పరదేశాల వాళ్ళే ఇక్కడికి నేర్చుకోవటానికి వచ్చారు. ఒకనాడు సాయం పుచ్చుకున్న చెయ్యే సాయం అందించింది.

ఇక మన సంగతి. 1918లో స్థాపించిన ఉస్మానియా యూనివర్శిటీ ఉర్దూలో సైన్సు చెప్పింది. అందుకోసం 1917లోనే తర్జుమా శాఖ పెట్టి పుస్తకాలు తయారు చేయించారు. అంటే విద్యకు భాష అడ్డు కాదు. మధ్యలో వంతెన కట్టేవాడు కావాలి.

నా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. పాత ఫ్యాను మోటారు విప్పి మళ్ళీ బిగించేవాడు. పదో తరగతి కాగానే ఒక టెక్నికల్ కోర్సు ప్రవేశ పరీక్షకు పంపాను. ఇంగ్లీషు ప్రశ్నలు చూసి తెల్లమొహం వేశాడు. వాడికి లెక్క వచ్చు, లెక్క పేరు రాదు. ఆ తప్పు వాడిది కాదు, నాది. తరువాత వాడు గల్ఫుకు హెల్పరుగా వెళ్ళాడు.

అప్పట్నుంచి బోర్డు మీద ‘ముసల్లస్’ పక్కనే ‘ట్రయాంగిల్’ కూడా రాస్తున్నాను. సోదరులారా, పెద్ద పెద్ద ఒప్పందాలు ప్రభుత్వాలు చేసుకుంటాయి. ఆ గుమ్మం దాకా పిల్లవాణ్ణి నడిపించే పని మాత్రం మనదే. తొమ్మిదో తరగతి నుంచే పిల్లలను, ఆడపిల్లలను కూడా, సాయంత్రం పూట నా దగ్గరికి పంపండి. ఫీజు అక్కర్లేదు.