పేపర్లో రెండు వరుసలు

ఈ వారం వాక్యధ్యానానికి బదులుగా మన సంఘంలోని ఒక కుటుంబం సంగతి రాస్తున్నాము. వారు రాయమన్నారు గనుక రాస్తున్నాము, పేర్లు మాత్రం వద్దన్నారు.

మన మందిరంలో ముందు వరుసలో చాప మీద కూర్చునే మామ్మగారు మీకు తెలుసు. ఆమెకు ఎనభై అయిదేళ్లుంటాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆమె మనవడికి పెళ్లి సంబంధం కుదిరింది. అవతలివారు "మీ సొంతూరు ఏది?" అని అడిగారు. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ చెప్పేది "బాపట్ల దగ్గర" అనే. ఆ అబ్బాయి నాయనమ్మను గట్టిగా అడిగాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు "స్టువర్టుపురం" అంది.

ఆ పేరు వినగానే మనలో చాలామందికి ఏ మాట గుర్తుకొస్తుందో మాకు తెలుసు. సినిమాలు కూడా అదే నేర్పాయి. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం మనం అడగలేదు. ఎరుకలవారు ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఉప్పు కొని, ఎడ్ల మీద, గాడిదల మీద పెరికెలు వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. తెల్లదొరల ఉప్పు చట్టాలు, రైళ్లు ఆ బేరాన్ని దెబ్బ తీశాయి. 1876-78 నాటి కరువులో పశువులు కూడా పోయాయి. ఆ తరువాత ఊరూరా తిరిగే ఈ జనాన్ని క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కిందికి తెచ్చారు. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. 1913లో బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ వారి చేతికింద సెటిల్‌మెంటు పెట్టి, గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు.

ఇక్కడ మేము కాస్త ఆగాలి. అక్కడ బడి పెట్టినదీ, పొలం ఇచ్చినదీ, యేసయ్య పాటలు నేర్పినదీ మన విశ్వాసులే. హాజరు పుస్తకంలో పేర్లు పిలిచి లెక్క చూసుకున్నదీ వారే. పాసు లేకుండా ఊరు దాటితే నేరం. ప్రార్థన గంట, హాజరు గంట ఒకే చోట మోగాయన్న సంగతి సెమినరీలో మేము చదువుకున్న మిషను చరిత్రలో లేదు. మామ్మగారు మాత్రం ఆ బడిని మెచ్చుకుంటుంది, వాళ్లమ్మ అక్కడే అక్షరాలు దిద్దిందట. వాళ్లమ్మ తరువాత చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో పనికి వెళ్లేది. సెటిల్‌మెంటు వాళ్లలో చాలామందికి అదే కూలి.

ఆమెను తొలిచేది వేరే సంగతి. ఆమె పుట్టకముందు వాళ్ల నాన్న జైలుకు వెళ్లాడు. అద్దంకి అవతల ఊళ్లో ఆయన తల్లి చావు బతుకుల్లో ఉందని కబురొచ్చింది. పాసు దొరకలేదు, చెప్పకుండా వెళ్లాడు, పట్టుబడ్డాడు. ఇంతవరకు ఇంట్లో అందరూ ఒకటే చెబుతారు. తల్లిని చూశాడా లేదా అన్నదగ్గరే మాట రెండుగా చీలింది. చూడకముందే దారిలో పట్టుకున్నారని ఆమె అన్న చనిపోయేవరకు అనేవాడు. వాళ్లమ్మ మాత్రం చూసే ఉంటాడనేది. నాన్నేమో ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడట.

మనవడికి పాత పేపర్లు వెతుకుదామన్న ఆలోచన వచ్చింది. మేమూ అతనితో కూర్చున్నాము. ప్రెస్ అకాడమీ వారు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటి పాత సంచికలను స్కాను చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. కృష్ణాపత్రిక 1902లో బందరులో మొదలైంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. స్కానులో పేరు కొట్టి వెతికే వీలు లేదు, పేజీలు ఒక్కొక్కటే తిప్పాలి. అరసున్నలు, బండి రలు అలవాటయ్యేసరికి మాకు వారం పట్టింది. తరువాత వేటపాలెం వెళ్లాము. అక్కడి సారస్వత నికేతనం 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలకు పేరుపడ్డది. కాగితం అంచులు ముట్టుకుంటే రాలిపోతాయి, ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాము.

పెద్ద ఇళ్ల పెళ్లిళ్లు, సన్మానాలు, స్వర్గస్థులైన వార్తలు పేపర్లో పేర్లతో ఉంటాయి. పేదవాడు పేపర్లోకి ఎక్కేది నేరం మోపినప్పుడో, వరదలో పోయినప్పుడో. అందుకే పేరు వదిలేసి ఊరి పేర్లు పట్టుకున్నాము, ఆ ప్రాంతపు కోర్టు వార్తలే చదివాము. వందల మంది కనబడ్డారు. చాలామందికి పేరు కూడా లేదు, కులం పేరు, సెటిల్‌మెంటు పేరు, శిక్ష ఎన్ని నెలలో, అంతే. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో, చెర నుంచి తిరిగి వచ్చి తమ పితరుల ఇల్లు ఏదో చూపించలేకపోయిన 652 మంది ఆ మధ్యాహ్నం మా మనసులో మెదిలారు. ఆ అధ్యాయాన్ని మేము ఎప్పుడూ లెక్కల పట్టీలాగా గబగబా చదివేసేవాళ్లం.

నాలుగోసారి వెళ్లినప్పుడు దొరికింది. 1930ల మధ్య సంచిక, మూడో పేజీ అడుగున రెండు వరుసలు. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నాయి. పాసు లేకుండా సెటిల్‌మెంటు విడిచిపోయి, అద్దంకి నుంచి చీరాల వచ్చే దారిలో పట్టుబడినందుకు మూడు నెలల శిక్ష అని ఉంది. దొంగతనం మాట ఎక్కడా లేదు. మనవడు దాన్ని నాలుగుసార్లు చదివాడు. మేము మొదట శిక్షే చూశాము, దారి ఎటు నుంచి ఎటో అతనే చూశాడు.

ఆ సాయంత్రమే మామ్మగారికి చదివి వినిపించాము. "మళ్లీ చదవండి అయ్యగారూ" అంది. చదివాము. "అద్దంకి నుంచి అనుందా? అద్దంకికి అని కాదా?" అని అడిగింది. నుంచి అనే ఉందమ్మా అన్నాము. చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చుంది.

"అయితే తిరిగొస్తున్నాడు. పారిపోయినోడు తిరిగొస్తాడా అయ్యగారూ?"

అవతలివారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఇంట్లో వాదన జరిగింది. కొడుకు వద్దన్నాడు. మమ్మల్ని అడిగితే, దాచి చేసిన పెళ్లి ఎప్పటికీ భయం మీదే నడుస్తుందని మా ఆలోచన చెప్పాము, నిర్ణయం మాత్రం మీదే అన్నాము. మనవడు కాగితం నకలు తీసుకుని తానే వెళ్లాడు. ఇది రాసేనాటికి వారి దగ్గర నుంచి జవాబు రాలేదు, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

మామ్మగారి ఇంట్లో పెద్ద బైబిలు ఉంది. ముందు పేజీల్లో పుట్టినరోజులు, పెళ్లిళ్లు రాసుకునే గళ్లుంటాయి. ఆమె తండ్రి గడి ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని ఇంటికి పిలిచి పెన్ను చేతికిచ్చింది. ఆయన పేరు రాశాము, ఊరు స్టువర్టుపురం అని రాశాము. శిక్ష సంగతి రాయమంటారా అని అడిగాము.

"రాయండి. తల్లిని చూసి వస్తుంటే అని ముందు రాసి, తరువాత రాయండి" అంది.