చెరసాల చరిత్రకు చలనచిత్ర సాక్ష్యము

తైపింగు పట్టణము చెంతనున్న కామంటింగ్ నిర్బంధశిబిరమును గూర్చి మలేషియాలోని పెరాక్ రాష్ట్రపు తెలుగువారికి నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1960 నాటి ఆంతరంగిక భద్రతా చట్టము క్రింద విచారణ లేకయే మనుష్యులను ఏండ్ల తరబడి బంధించిన ఆ శిబిరమును, 1987 అక్టోబరులో ‘ఆపరేషన్ లాలాంగ్’ పేర నూరుమందికి పైగా పట్టుబడిన ఉదంతమును, 2007 డిసెంబరులో భారతీయుల హక్కులకై పోరాడిన హిండ్రాఫ్ సంస్థ నాయకులైదుగురిని అదే చట్టము క్రింద కొనిపోయిన సంగతిని ఎరిగిన మీకు, నేనిప్పుడు నివాసమేర్పరచుకొన్న ఈ భారతదేశమున బందీల చరిత్ర ఎట్టిదో, దానిని చలనచిత్రములు ఎట్లు భద్రపరచినవో చెప్పవలెనని చాలకాలముగా నా మనసున నున్నది. బాగన్ దతో కొబ్బరితోటలలో పెరిగిన మనము పూర్వుల దేశమును పౌరాణిక చిత్రముల ద్వారా తెలుసుకొన్నవారము. ఆ తెలిసినదానిలో చెరసాల యనునది కృష్ణుడు జన్మించిన చోటుగా తప్ప మరియొక విధముగా లేదు.

నేనుండు హైటెక్ సిటీ, హైదరాబాదునకు పడమట, బండరాళ్ల గుట్టల నడుమ వెలసినది. 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు ఏర్పడినది. ఇచ్చటి అద్దాల మేడలలో పనిచేయు యువతీయువకులకు నగరచరిత్ర ఆ భవనముతోనే ఆరంభమైనట్లు తోచుట సహజమే కాని, ఇదే నగరమున, నేడు గాంధీ ఆసుపత్రి నెలకొన్న ముషీరాబాదు స్థలమున, పూర్వమొక కారాగారముండెడిది. దేశమంతట అత్యవసర పరిస్థితి అమలులోనున్న 1975 డిసెంబరు 1వ తేదీన, ఆదిలాబాదు జిల్లా రైతాంగ పోరాటమునకు చెందిన భూమయ్య, కిష్టాగౌడు అను ఇరువురిని ఆ జైలులో ఉరితీసినారు. కౌలాలంపూరులో పుడు జైలు గోడలు కూలినట్లే ఆ గోడలును కూలినవి. ఆసుపత్రికి పోయివచ్చువారిలో ఆ సంగతి ఎరిగినవారు నాకు అరుదుగా కనిపించినారు.

కట్టడము పోయినచోట జ్ఞాపకమును నిలుపుటకు పూనుకొన్నవారిలో చలనచిత్రకారులు కొందరు కలరు. అత్యవసర పరిస్థితి ముగిసిన మరుసటి సంవత్సరమే, 1978లో, ఆనంద్ పట్వర్ధన్ ‘జమీర్ కే బందీ’ అను డాక్యుమెంటరీ నిర్మించి, ఆ కాలమునకు ముందును వెనుకను కూడ ఈ దేశపు జైళ్లలో రాజకీయ ఖైదీలు మగ్గినారని వారి నోటనే చెప్పించినారు. హైదరాబాదులో జన్మించిన దీపా ధన్‌రాజ్ 2007లో ‘ది అడ్వొకేట్’ అను చిత్రమున న్యాయవాది కె.జి. కన్నబిరాన్ జీవితమును చిత్రించినారు. సికింద్రాబాదు కుట్రకేసున ముద్దాయిల పక్షమున నిలిచి, 1977లో ఎన్‌కౌంటరు మరణములపై ఏర్పడిన భార్గవ కమిషన్ ఎదుట వాదించి, పౌరహక్కుల సంఘమునకు అధ్యక్షులై, ఎవరికొరకు వాదించుట లోకమునకు అప్రియమో వారికొరకే వాదించిన ఆ మహనీయుడు 2010 డిసెంబరులో కన్నుమూసినారు. ఆయన చరిత్ర తెలిసినగాని ఈ నగరచరిత్ర సంపూర్ణము కాదని నా దృఢవిశ్వాసము.

అయినను నన్ను అన్నిటికంటె కదిలించినది ఒక తమిళచిత్రము. కోయంబత్తూరు ఆటోడ్రైవరు ఎం. చంద్రకుమార్ 1983లో, పొట్టకూటికై గుంటూరు వచ్చియున్న రోజులలో, తాను చేయని దొంగతనమునకు పోలీసుల చేత పట్టుబడి, నేరమొప్పుకొమ్మని దెబ్బలుతిని, జైలు కూడ అనుభవించి, ఆ అనుభవమునంతను కాలాంతరమున ‘లాకప్’ అను నవలగా వ్రాసినాడు. దానిని ఆధారము చేసికొని వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ 2015లో వెనిస్ చలనచిత్రోత్సవమున ప్రదర్శితమై, ఆమ్నెస్టీ సంస్థ ఇటలీ శాఖవారి పురస్కారము పొందినది. జాతీయస్థాయిలో ఉత్తమ తమిళచిత్రముగా ఎన్నికైనది. ఆస్కారుకు భారతదేశపు పక్షమున పంపబడినది. ఈ గౌరవములకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఆ చిత్రపు పూర్వార్ధమున లాఠీ పట్టినవాని భాష తెలుగు, దెబ్బ తిన్నవాని భాష తమిళము. అజయ్ ఘోష్ అను మన తెలుగునటుడే ఆ క్రూరుడైన అధికారి పాత్ర ధరించినాడు. తోటలలో తమిళులతో కలిసి బ్రతికిన మనవంటివారు ఆ తెలుగు మాటలను వినుచు సిగ్గుతో తల వంచుకొనక తప్పదు. ఏమి అడుగుచున్నారో అర్థము కానివానిని, అర్థము కాలేదనియే మరల కొట్టుట ఆ చిత్రమున మనము చూచుచున్నాము. లాకప్పు గదిలో జరిగినదానికి ఆ గదియే సాక్షి. గోడలు చెప్పవు, పోలీసు రికార్డు చెప్పదు. అట్టిచోట ఒక ఆటోడ్రైవరు స్మృతియే సాక్ష్యపత్రమై, దానిని లక్షలమంది కన్నులార చూచుటకు వెండితెర సాధనమైనది.

సైబరాబాదు స్వయముగా ఎదుర్కొనవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. 2019 నవంబరులో ఒక యువతిపై జరిగిన ఘోరాతిఘోరమైన అత్యాచారహత్య కేసున సైబరాబాదు పోలీసులు నలుగురిని నిర్బంధించినారు. డిసెంబరు 6వ తేదీ వేకువను షాద్‌నగర్ చెంత చటాన్‌పల్లి వద్ద ఆ నలుగురును పోలీసు కాల్పులలో మరణించినారు. జనులు పోలీసులపై పూలు చల్లినారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే మాసమున వెల్లడియై, ఆయుధములు లాగుకొని పారిపోజూచినారన్న కథనము నమ్మదగినది కాదనియు, చంపు ఉద్దేశముతోనే కాల్చినారనియు తేల్చినది. ఆ యువతికి, ఆమె తల్లిదండ్రులకు న్యాయస్థానమునందు సాక్ష్యముతో సిద్ధించు న్యాయము ఆ వేకువతో శాశ్వతముగా దూరమైనది. ఆ పూలు ఎచ్చటినుండి వచ్చినవని ఆలోచించినచో, దశాబ్దములుగా ఖాకీ కథానాయకుడు విచారణ లేకయే తుపాకి పేల్చినప్పుడు ఈలలు వేయుట మనకు నేర్పిన తెలుగు చిత్రములే నాకు ముందుగా స్ఫురించుచున్నవి. చంపువాని వైపునుండి చూపు చిత్రములు వందలుండగా, పట్టుబడినవాని వైపునుండి చూపునవి వ్రేళ్లపై లెక్కింపదగినవి.

ఆ పట్టుబడినవారి సంఖ్య చిన్నది కాదు. 2022 నాటి ప్రభుత్వ గణాంకముల ప్రకారము భారతదేశపు జైళ్లలోనున్న సుమారు 5.73 లక్షలమందిలో 4.34 లక్షలమంది విచారణలో నున్నవారే, అనగా దోషులని ఇంకను తేలనివారే. పట్టుబడినవారి రక్షణకై ప్రతి పోలీసు ఠాణాలోను సీసీ కెమెరాలు అమర్చి, లాకప్పును కూడ చిత్రీకరించి, శబ్దముతో సహా ఆ దృశ్యములను భద్రపరుపవలెనని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మాదాపురము, గచ్చిబౌలి వీధులలో మలుపుమలుపునకు కన్ను తెరచియున్న కెమెరాలను చూచినప్పుడెల్ల, ఆ చూపు ఠాణా గడప దాటి లోపలికి పోవలెనని కోరుకొనువారు ఎందరుందురా యని నాకు తోచుచుండును.

మలేషియాలో 1960 నాటి ఆంతరంగిక భద్రతా చట్టము 2012లో రద్దయినను దాని స్థానమున సోస్మా అను మరియొక భద్రతా చట్టము వచ్చినదని మీకు తెలియును. కావున నా ప్రార్థన ఇది: ‘విసారణై’ని మన తెలుగు సంఘపు సమావేశములలో, తమిళ మిత్రులను కూడ పిలిచి, ప్రదర్శింపుడు. కామంటింగ్ నుండి తిరిగివచ్చినవారుగాని, వారికొరకు వాకిట ఎదురుచూచిన భార్యలు, బిడ్డలుగాని మన ఊళ్లలో ఉన్నచో, చేతనున్న ఫోనుతోనే వారి మాటలను చిత్రీకరింపుడు. ప్రశ్నలు తక్కువ అడిగి, వారు మౌనము వహించినచో ఆ మౌనమును కోసివేయక, తేదీలను, గదుల కొలతలను, పెట్టిన తిండిని, కలిసినవారి పేర్లను వారి నోటనే చెప్పించి, రెండు ప్రతులు వేరువేరు ఇండ్లలో దాచుడు. వారిలో పలువురు వృద్ధులైయుందురు. ఈ సంవత్సరమే మొదలుపెట్టుడు.